క్లాసులో పిల్లకి ఫిట్స్ వస్తే... టీచర్‌కి ముందే చెప్పాలా, దాచాలా?

అందరికీ నమస్కారం. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో హారన్లు విని విని ఇప్పుడే ఇల్లు చేరాను, గొంతు కాస్త బొంగురుగా ఉంటే సర్దుకోండి.

పోయిన వారం మా పటమటలో, పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయి వచ్చింది. "టీచర్‌గారూ, మా వాడికి ఫిట్స్ అని మీకు తెలుసుగా. కొత్త స్కూల్లో మూడో తరగతిలో చేరుస్తున్నాం. చెప్పమంటారా, దాచమంటారా?" అంది. చెబితే సీటివ్వరని భయం. పాత స్కూల్లో ఒకసారి పడిపోతే "బాగయ్యాక పంపండి" అన్నారట. కనీసం రెండు మూడేళ్ళు మాత్రలు మింగాల్సిన జబ్బండీ ఇది. బాగయ్యాకే బడి అంటే ఇక వాడికి బడి లేనట్టేగా?

జవాబు చెప్పేముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. పాతికేళ్ళు లెక్కలు చెప్పాను నేను. ఐదో తరగతిలో ఒక పాప ఉండేది. భిన్నాలు చేస్తూ చేస్తూ పెన్సిల్ ఆపేసేది, చూపు అలా నిలిచిపోయేది. పిలిస్తే పలికేది కాదు. పది, పదిహేను సెకన్లు. మళ్ళీ ఏమీ జరగనట్టు రాసుకునేది, కానీ మధ్యలో ఒక స్టెప్పు ఉండేది కాదు. "ఎక్కడున్నావే, ప్రకాశం బ్యారేజీ మీదా?" అన్నాను ఒకరోజు. క్లాసంతా నవ్వింది. ఇంకోరోజు బెంచీ ఎక్కించాను. ఏడాది తర్వాత తెలిసింది, అవి ఫిట్సేనని. కిందపడి కాళ్ళూచేతులూ కొట్టుకుంటేనే ఫిట్స్ అనుకునేదాన్ని నేను. అలాంటి పిల్లని తీసుకెళ్ళి బెంచీ మీద నిలబెట్టానా! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

వీటిని ఆబ్సెన్స్ సీజర్స్ అంటారు. రోజుకి పదుల సార్లు కూడా రావచ్చు. పరధ్యానంగా ఉన్న పిల్లైతే భుజం తడితే ఉలిక్కిపడి చూస్తుంది. దీంట్లో తట్టినా పిలిచినా లాభం లేదు, దానంతట అది వదలాల్సిందే. డాక్టర్లు ఈఈజీ (తలకి వైర్లు పెట్టి మెదడు తరంగాలు చూసే పరీక్ష) తీస్తూ పిల్లని మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు, చాలామందిలో అప్పుడే బయటపడిపోతుంది. టీచర్లూ, చదువులో ఉన్నట్టుండి వెనకబడ్డ పిల్ల కనిపిస్తే బెత్తం ముందు ఇది గుర్తుకు తెచ్చుకోండి.

ఇక పెద్ద ఫిట్స్. క్లాసులో పిల్లాడు పడిపోగానే ఒకరు తాళాల గుత్తికి పరిగెడతారు, ఒకరు ఉల్లిపాయకి, ఇంకొకరు నోట్లో చెంచా పెట్టడానికి. తాళాలు చేతిలో పెట్టగానే తగ్గిందంటారు. ఎందుకు తగ్గదూ? చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. మీరు తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ టైమ్ అయిపోతుంది, పేరు మాత్రం తాళాలకి. నోట్లో ఏదీ పెట్టకండి, పళ్ళు విరుగుతాయి. నాలుక మింగేయడం లాంటిది జరగదు. కాళ్ళూచేతులూ అదిమిపట్టకండి. బెంచీలు జరిపి, మెడలో ఐడీ కార్డు తాడు, టై తీసేసి, తల కింద మెత్తగా ఏదో ఒకటి పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ముఖ్యంగా గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్. డాక్టర్ ముందే ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాసిచ్చి ఉంటే అది వాడాలి. తర్వాత పిల్లాడు మగతగా ఉంటాడు, కాసేపు పడుకోనివ్వండి. ఆటో ఎక్కించి వారం రోజులు ఇంటికి తోలేయాల్సిన పని లేదు.

మన విజయవాడ, గుంటూరు వాళ్ళకి ఇంకో సంగతి చెప్పాలి. ఇంటర్ హాస్టళ్ళు. తెల్లారకముందే లేపడం, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య మొదలయ్యే ఒక రకం ఉంది, జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అని. పొద్దున్నే బ్రష్ చేస్తుంటే చెయ్యి ఝాడించినట్టై బ్రష్షో, మగ్గో ఎగిరిపడుతుంది. అందరూ కంగారు పిల్లాడంటారు. నిద్ర తగ్గిన రోజున అదే పెద్ద ఫిట్స్ అవుతుంది. అలాంటి పిల్లాడికి నిద్ర కూడా మందే. ర్యాంకు కోసం రెండు గంటల నిద్ర కోస్తే ఆ మేరకు మందు మానిపించినట్టే. నా మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

మాత్రల మాటకొస్తే, కొన్నింటితో మగతా చిరాకూ రావచ్చు. మార్కులు తగ్గితే పిల్లని తిట్టకుండా డాక్టర్‌కి చెప్పండి, డోసో మందో మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. సరిగా వాడితే నూటికి 70 మందికి ఫిట్స్ రాకుండా ఉండే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆటలు ఆడనివ్వండి. కృష్ణలో ఈతంటే మాత్రం పక్కన కళ్ళప్పగించి చూసే మనిషి ఉండాలి.

మరి జనం ఎందుకు దాస్తారు? ఆడపిల్లైతే పెళ్ళి. 1999లో సవరించేదాకా మన హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళికి అడ్డు రాసి ఉంది. చట్టం మారింది, వీధి అరుగు మీద మాటలు మారలేదు. బడి సంగతికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం చేర్చుకున్న పిల్లని ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదు. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి కానీ వాటిలో మూర్ఛ పేరు లేదు. అది నాకు నచ్చని సంగతి.

అందుకే ఆ అమ్మాయికి చెప్పమనే చెప్పాను. ప్రిన్సిపాల్‌కి నోటిమాటగా కాదు, క్లాస్ టీచర్ చేతికి ఒక కాగితం. వాడికి ఎలా వస్తుంది, సాధారణంగా ఎంతసేపు, ఏ మాత్ర ఎన్నింటికి, ఎప్పుడు 108కి చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. మా డైనింగ్ టేబుల్ మీదే రాసింది. రాస్తూ రాస్తూ ఆగి, "ఫిట్స్ అనకుండా వేరే మాటేదైనా ఉందా టీచర్‌గారూ?" అంది. లేదమ్మా అన్నాను. రాసేసింది. రెండో కాపీ బస్సులో ఆయాకి.