కిడ్నీ కూడా ఒక గ్రంథే

(సోంపేటలో డిగ్రీ విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, కిడ్నీ రోగుల కుటుంబ సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

హార్మోన్ల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పిల్లలు నోటు పుస్తకాలు తెచ్చుకున్నారు. పీయూష గ్రంథి, అవటు గ్రంథి, క్లోమం అంటూ వరసగా చెప్పుకుపోతానని అనుకుంటున్నారేమో. ఆ జాబితా మీ పుస్తకంలో ఉంది, చదువుకోండి. కిడ్నీ జబ్బులు ఇంత ఎక్కువగా ఉన్న ఉద్దానంలో నిలబడి మాట్లాడేటప్పుడు నాకు కిడ్నీ గురించి చెప్పాలనిపించింది. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్త పరీక్ష, క్రియాటినిన్, ఆ మాట తెలియని ఇల్లు అరుదు. అయినా కిడ్నీ అంటే రక్తాన్ని వడకట్టేది అనే వరకే మనకు తెలుసు. అది హార్మోన్లు తయారు చేస్తుంది, వేరే గ్రంథులు పంపిన హార్మోన్ల మాట వింటుంది, పనైపోయిన హార్మోన్లను విరగ్గొట్టేస్తుంది కూడా. రోగులు చెప్పుకునే బాధల్లో చాలా ఈ పనులు చెడిపోవడం వల్ల వచ్చేవే.

హార్మోన్ ఎలా పనిచేస్తుందో ముందు రెండు ముక్కలు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఒక కుక్క చిన్నపేగులో కొంత భాగానికి వెళ్లే నరాలను తెంచేసి, అందులో ఆమ్లం పోశారు. నరాలు లేకపోయినా క్లోమం నుంచి రసం ఊరింది. పేగు గోడలోంచి ఏదో పదార్థం రక్తంలో కలిసి క్లోమానికి చేరిందన్నమాట. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. రక్తంలో కలిసిన హార్మోన్ ఒళ్లంతా తిరుగుతుంది, కానీ దాన్ని పట్టుకునే గ్రాహకం ఉన్న కణమే స్పందిస్తుంది. పని జరిగాక, ఆ ఫలితమే హార్మోన్ ఉత్పత్తిని తగ్గిస్తుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారికి టీఎస్‌హెచ్ పరీక్ష రాసేది ఇందుకే. అది అవటు (థైరాయిడ్) గ్రంథిని పనిచేయమని మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి పంపే హార్మోన్. మందు సరిపోతే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను తగ్గించుకుంటుంది, చాలకపోతే పెంచుతుంది.

ఇక కిడ్నీకి వద్దాం. "నీరసంగున్నాది బాబూ, నాలుగడుగులేస్తే ఆయాసమొచ్చేస్తంది." జబ్బు ముదిరినవాళ్ల దగ్గర ఈ మాట వినని డాక్టరు ఈ చుట్టుపక్కల ఉండడు. సరిగ్గా తినడం లేదని ఇంట్లోవాళ్లు కోప్పడతారు. తిండి ఒక్కటే కారణం కాదమ్మా. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. పోయినవాటి లోటు తీర్చడానికి ఎముక మజ్జ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త కణాలు తయారు చేయాలి. ఎంత జోరుగా చేయాలో మజ్జకు చెప్పేది కిడ్నీ. కిడ్నీలో మూత్ర నాళికల మధ్య ఉండే కొన్ని కణాలు, రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే కనిపెట్టి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ విడుదల చేస్తాయి. ఆక్సిజన్ తగ్గిందని కణానికి ఎలా తెలుస్తుందో తేల్చినందుకే 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు నోబెల్ వచ్చింది. వాళ్లలో రాట్‌క్లిఫ్ కిడ్నీ డాక్టరే.

ఉద్దానం జబ్బు ఎక్కువగా దెబ్బతీసేది ఆ నాళికలనూ వాటి మధ్య కణజాలాన్నీ. సరిగ్గా ఈ హార్మోన్ పుట్టే చోటునే. ఎండ, నీళ్లు, పురుగుమందులు, సిలికా అంటూ కారణాల మీద పరిశోధకులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. ఇవాళ నేను ఆ వాదనలోకి దిగను.

ఎరిత్రోపోయిటిన్‌ను పట్టుకోవడానికి పడిన పాట్లు మాత్రం చెప్పి తీరాలి. రక్తంలో అది ఉండేది లవలేశం. షికాగోలో గోల్డ్‌వాసర్ అనే శాస్త్రవేత్త 1950లలో వెతుకులాట మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి గొర్రెల రక్తంతో కుస్తీ పట్టాడు. చివరికి దారి జపాన్ నుంచి దొరికింది. మజ్జ పనిచేయని రక్తహీనత ఉన్నవాళ్లలో, కిడ్నీ ఎంత చెప్పినా మజ్జ పలకదు కాబట్టి, ఈ హార్మోన్ విపరీతంగా పేరుకుని మూత్రంలోకి వస్తుంది. కుమమోటోలో మియాకే అనే డాక్టరు అలాంటి రోగుల నుంచి 2,550 లీటర్ల మూత్రం పోగుచేసి, ఎండబెట్టిన సరుకును షికాగో పట్టుకెళ్లాడు. అందులోంచి తీసిన శుద్ధమైన హార్మోన్ కొద్ది మిల్లీగ్రాములే. 1977లో ఆ సంగతి ప్రచురించారు. తర్వాత దాని జన్యువు దొరికింది. 1989లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. డయాలసిస్ సెంటర్లో "రక్తం పెరిగే ఇంజెక్షన్" అని మీరు పిలిచేది అదే. డయాలసిస్ యంత్రం రక్తాన్ని శుభ్రం చేస్తుంది గానీ హార్మోన్ తయారు చేయలేదు. అందుకే ఆ సూది వేరేగా ఇస్తారు.

సూది పడుతోంది కదా అని ఐరన్ మానేస్తే ప్రయోజనం ఉండదు. కణం చేయమని కబురు అందుతుంది, ముడిసరుకు ఉండదు. హిమోగ్లోబిన్ ఇంకా పెంచమని డాక్టరును ఒత్తిడి చేయకండి. ఈ మందుతో దాన్ని 13 దాకా తీసుకెళ్లాలని చూసిన పరీక్షల్లో పక్షవాతం, గుండె జబ్బుల ముప్పు బయటపడింది.

ఇప్పుడు కిడ్నీ వినే హార్మోన్లు. కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడకట్టి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే బయటికి వదులుతాయి. ఎండల్లో జీడి తోటలో పనిచేసే మనిషికి చెమట పట్టి రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడినా మెదడులోని హైపోథాలమస్ పసిగడుతుంది. వాసోప్రెసిన్ విడుదలై, నీటిని వెనక్కి లాక్కోమని కిడ్నీకి చెబుతుంది. మూత్రం తగ్గి పచ్చబడేది అందుకే. సాయంత్రం అలసట తీరుతుందని మందు కొడితే ఆ హార్మోన్ అణిగిపోయి, ఒంట్లో మిగిలిన నీళ్లు కూడా పోతాయి. ఆ పైన ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి మాత్ర వేసుకుంటారు. నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లను ఆ మాత్ర ఆపేస్తుంది. ఈ మూడూ ఒకే రోజు కలిస్తే నాకు నిజంగా టెన్షన్.

మరొకటి ఆల్డోస్టిరాన్. రక్తపోటు తగ్గితే కిడ్నీ రెనిన్ వదులుతుంది. దాని వెంట వరసగా జరిగే మార్పుల చివర కిడ్నీ మీద ఉండే అధివృక్క గ్రంథి ఆల్డోస్టిరాన్ ఇస్తుంది. అది ఉప్పును ఒంట్లో నిలిపి, పొటాషియంను మూత్రంలోకి పంపుతుంది. మీలో చాలామంది వాడే టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు ఈ వరసనే మధ్యలో ఆపుతాయి. కిడ్నీకి మంచివే, సొంతంగా మానకండి. కాకపోతే పొటాషియం పెరగవచ్చు. ఇక్కడే మన కొబ్బరి తోటల చిక్కు ఉంది. ఆరోగ్యవంతుడికి కొబ్బరిబొండం భేషైనది. కిడ్నీ దెబ్బతిన్నవాడికి అందులోని పొటాషియం బయటికి పోయే దారి లేదు. అది బాగా పెరిగితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. నీరసంగా ఉన్నాడని ప్రేమతో బొండం కొట్టి ఇచ్చే ముందు పొటాషియం రిపోర్టు చూడండి.

ఎముకల నొప్పుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎండకు చర్మంలో తయారయ్యే విటమిన్ డి కాలేయంలో ఒకసారి, కిడ్నీలో ఒకసారి మారితేనే పనికొచ్చే హార్మోన్ అవుతుంది. ఆ రెండో మార్పు జరగకపోతే పేగు కాల్షియంను సరిగా తీసుకోలేదు. దాంతో మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి కాల్షియం లాగుతాయి.

చివరిగా, షుగర్ ఉన్నవారి ఇళ్లకు. ఇన్సులిన్‌లో చెప్పుకోదగ్గ భాగాన్ని రక్తంలోంచి తీసేసి విరగ్గొట్టేది కిడ్నీయే. కిడ్నీ మందగిస్తే, సూదితో ఇచ్చిన ఇన్సులిన్ రక్తంలో ఎక్కువసేపు ఉండిపోతుంది. ఎన్నేళ్లనుంచో లొంగని షుగర్ ఉన్నట్టుండి తగ్గుతుంది. ఇంట్లో అందరూ సంబరపడతారు, పసరు మందు పనిచేసిందని కూడా అంటారు. తెల్లవారుజామున మనిషి చెమటలు పట్టి, పిలిస్తే పలక్కుండా పడి ఉంటాడు. కారణం లేకుండా షుగర్ తగ్గుతూ వస్తే ఆ వారమే క్రియాటినిన్ చేయించి, ఇన్సులిన్ డోసు గురించి డాక్టరును అడగండి. ఆశా కార్యకర్తలు ఇళ్లకు వెళ్లినప్పుడు ఈ ఒక్క ప్రశ్న కూడా అడిగి రాసుకోండి.