ఊనిక ‘టా’ మీద

డిగ్రీ పిల్లలకీ, చోటు చాలక వెనక నిలబడ్డ మాస్టార్లకీ నమస్కారం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ట్రెయినింగ్‌కి వెళ్ళాను. నా హాబీ ఫోటోగ్రఫీ అని ఇంగ్లీషులో చెప్పాను, ‘ఫో’ని బాగా ఒత్తి. ఎదురుగా ఉన్నాయన నవ్వి, మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. మళ్ళీ నవ్వారు. తప్పేమిటో మాత్రం చివరిదాకా చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీకెవరికీ ఆ టెన్షన్ రాకూడదని ఈ ఒక్క మాటనే పట్టుకుని వచ్చాను.

తెలుగులో గురువు గురువే, లఘువు లఘువే. ‘రాముడు’ అన్నా, ‘రాముడికి’ అన్నా, ‘రాముడివల్ల’ అన్నా ఆ ‘రా’ చెక్కుచెదరదు. ఇంగ్లీషులో అలా కుదరదు. అక్కడ మాటలో ఒక సిలబుల్ మీద, అంటే ఒక్క ఊపులో పలికే ముక్క మీద, ఊనిక (స్ట్రెస్) పడుతుంది, పడని చోట అచ్చు నలిగిపోతుంది. ‘ఫోటోగ్రాఫ్’లో సిలబుల్స్ మూడు, ఊనిక మొదటిదాని మీద. అదే ‘ఫోటోగ్రఫీ’ అయ్యేసరికి సిలబుల్స్ నాలుగవుతాయి, ఊనిక రెండోదాని మీదికి దూకుతుంది. దాంతో ‘టో’ కాస్తా ‘టా’ అవుతుంది, ముందున్న ‘ఫో’ బక్కచిక్కి ‘ఫ’ అవుతుంది. ఫ-టా-గ్ర-ఫి. నన్ను చూసి నవ్విన ఆ పెద్దమనిషి ఈ నాలుగు ముక్కలు చెబితే సరిపోయేది. ఇక ‘ఫోటోగ్రాఫిక్’లో ఊనిక ‘గ్రా’ మీదికి పోతుంది.

ఇది ఇష్టమొచ్చినట్టు దూకదు. తోక నుంచి లెక్కపెట్టండి. ‘గ్రఫీ’, ‘లజీ’, ‘క్రసీ’తో ముగిసే మాటల్లో ఊనిక చివరి నుంచి మూడో సిలబుల్ మీద ఉంటుంది. జియాగ్రఫీ, బయాలజీ, డెమాక్రసీ అన్నీ అంతే. ‘ఇక్’ వస్తే దానికి సరిగ్గా ముందున్నదాని మీద ఉంటుంది. ఎకానమీలో ‘కా’ మీద ఉన్నది ఎకనామిక్‌లో ‘నా’ మీదికి జరిగేది అందుకే. పాలిటిక్స్, అరిథ్మెటిక్ లాంటివి మాట వినవు, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి.

మరి ఇంత మారేదాన్ని ఒకేలా ఎందుకు రాస్తారు? మాటల చుట్టరికం స్పెల్లింగులో దాచారు కాబట్టి. గ్రీకులో ‘ఫోస్’ అంటే వెలుగు, సమాసంలో అది ‘ఫోత్’ అవుతుంది. ‘గ్రాఫైన్’ అంటే రాయడం, ఇంకా వెనక్కి వెళ్తే గీరడం. గంటంతో తాటాకు మీద గీరి రాసిన వాళ్ళ మనవలం, మనకిది వేరే చెప్పాలా! ఈ రెంటి మధ్య ఉన్న ‘ఓ’ అతుకు మాత్రమే. అచ్చు ఎదురైతే తప్పుకుంటుంది. మోకాళ్ళ నొప్పులున్న ఇళ్ళలో వినే మాటలే చూడండి. గ్రీకులో ‘ఆర్థ్రోన్’ అంటే కీలు. కీలు లోపల గొట్టం పెట్టి చూస్తే ఆర్థ్రోస్కోపీ, అక్కడ ‘ఓ’ ఉంది. కీలు వాస్తే ఆర్థ్రైటిస్, అక్కడ ‘ఓ’ లేదు. ‘రాముడు’, ‘అతడు’ కలిసి ‘రాముడతడు’ అయినప్పుడు ఉకారం పోవడం చిన్నప్పుడే చదివిన మనకి ఇది కొత్త కాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ‘ఫోస్’ మొదటి అక్షరంలో ఉంది. ప్రాచీన ఏథెన్సులో ఆ అక్షరాన్ని మన ‘ఫలం’లోని ‘ఫ’లాగే, అంటే ‘ప’కి గాలి జోడించి పలికేవారు. అందుకే రోమన్లు దాన్ని ‘పి’, ‘హెచ్’ కలిపి రాశారు. తర్వాత గ్రీకుల నోట అది ‘ఫ్యాను’లోని ‘ఫ’ అయింది. ఇప్పుడు మనలో చాలామంది ఫలితాన్ని పలికే తీరు వినండి, ‘ఫ’ ఇక్కడా అదే దారి పట్టింది.

ఇంకా లోతుకి వెళ్తే, సంస్కృతంలో ‘భ’ ఉన్న చాలా చోట్ల గ్రీకులో ఈ ‘ఫ’ ఉంటుంది. వెలుగు అనే అర్థమున్న ‘భా’, గ్రీకు ‘ఫోస్’ ఒకే మూలం నుంచి వచ్చాయి. అంటే మీ క్లాసులో ప్రభాకర్, భాను ఉంటే వాళ్ళు ఫోటోకి చుట్టాలే. ‘ఫాస్ఫరస్’లో రెండో ముక్క ‘మోసేది’. మనం ‘భరించడం’, ‘భారం’ అనే మాటల్లో ఉన్న మూలమే అది. వెలుగు మోసేది. గ్రీకులు వేగుచుక్కని ఆ పేరుతో పిలిచారు. 1669లో హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది మూత్రాన్ని మరిగించి మరిగించి చీకట్లో మెరిసే పదార్థాన్ని తీశాడు, చుక్క పేరు దానికి వచ్చింది.

ఫోటోగ్రఫీ అనే మాట ప్లేటోకి తెలియదు. 1839లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త లండన్ రాయల్ సొసైటీ ముందు వాడాకే ఇంగ్లీషులో స్థిరపడింది. అంతకుముందు, కాగితం మీద ఫోటోలు తీసే పద్ధతి కనిపెట్టిన టాల్బట్ దాన్ని ‘స్కియాగ్రఫీ’ అన్నాడు. ‘స్కియా’ అంటే నీడ, మన ‘ఛాయ’కి తోబుట్టువు. ఆ మాటని ముక్కకి ముక్క తెలుగు చేస్తే ఛాయాచిత్రమే వస్తుంది!

సరే, ఇప్పుడు మీ వంతు. అరచేయి బల్ల మీద పెట్టండి. నేను మాట చెబుతాను, ఊనిక ఎక్కడ పడుతుందో అక్కడ తట్టండి. తోక నుంచి లెక్కపెట్టడం మరచిపోకండి. టెలిగ్రాఫ్. టెలిగ్రఫీ. టెలిగ్రాఫిక్. వెనక నిలబడ్డ మాస్టార్లు గోడ మీద తట్టొచ్చు.