పాపకి ఫ్లూట్ పుస్తకం కొందామని వెళ్లాం | బి, ఎ, జి అంటే గ, రి, స!

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఇక్కడ అమెరికాలో, మా న్యూజెర్సీ ఎడిసన్‌లో సెప్టెంబర్ వచ్చిందంటే స్కూళ్లు తెరిచిన హడావుడే. మా పాప ఈ ఏడాది అయిదో క్లాసు. స్కూల్ బ్యాండ్‌లో ఫ్లూట్ తీసుకుంది. ఇక్కడ చాలామంది చేసినట్టే మేమూ నెలవారీ అద్దెకి తెచ్చాం. ఇవాళ శనివారం కదా, పుస్తకం కోసం మ్యూజిక్ షాపుకి బయల్దేరాం. మీరూ రండి.

"స్కూల్లో ఒక పుస్తకం ఇచ్చారుగా, మళ్లీ ఇంకోటి ఎందుకు?" అని మా వారు కారులో అడిగారు. మీకూ అదే అనిపించొచ్చు. అందుకే ముందు ఈ రెండు వారాల సంగతి చెప్తాను.

రోజూ సాయంత్రం పాప స్కూల్ పుస్తకం తెరవడం, అయిదు నిమిషాలకే కళ్లలో నీళ్లు. "అమ్మా, ఫ్లూట్ జారిపోతోంది" అంటుంది. నేను చిన్నప్పుడు వేణువు నేర్చుకున్నాను కాబట్టి పక్కన కూర్చుని వేళ్లు గమనించాను. అప్పుడు అర్థమైంది. ఆ పుస్తకం బ్యాండ్ మొత్తానికి కలిపి రాసింది. ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్, ఫ్లూట్ అందరూ ఒకే పేజీ ఒకేసారి వాయించాలి. అందుకని మొదటి స్వరాలు ఎఫ్, ఈ ఫ్లాట్ (ఫ్లాట్ అంటే అర స్వరం కిందకి), డి, సి, బి ఫ్లాట్ ఇచ్చారు. ట్రంపెట్, క్లారినెట్ బి ఫ్లాట్ వాయిద్యాలు, అంటే వాటి మీద సి వాయిస్తే పలికేది బి ఫ్లాట్, అందుకే వాటికి ఈ స్వరాలు హాయిగా పలుకుతాయి. ఇబ్బందల్లా ఫ్లూట్ పిల్లలకే.

చూడండి, ఇది సి. ఎడమ చూపుడు వేలు, కుడి చిటికెన వేలు, ఈ రెండే మీటల మీద ఉన్నాయి. మిగతావన్నీ పైకి లేచి ఉన్నాయి. ఇప్పుడు పక్కనే ఉన్న డి కి వెళ్లాలి. ఆ రెండు వేళ్లూ లేవాలి, లేచి ఉన్నవాటిలో ఎడమ చిటికెన వేలు తప్ప అన్నీ ఒక్కసారిగా దిగాలి. చిన్న చేతుల్లో ఫ్లూట్ గింగిరాలు తిరక్క ఏం చేస్తుంది? పిల్ల మాత్రం తనకి రావడం లేదనుకుంటోంది. నాకు బాధనిపించింది అక్కడే.

స్కూల్ పుస్తకం తప్పని నేననను. నలభై మంది పిల్లలు కలిసి వాయించాలంటే అలాగే రాయాలి. కానీ ఇంట్లో ఒంటరిగా కూర్చునే పిల్లకి ఫ్లూట్ కోసమే రాసిన పుస్తకం ఒకటి కావాలి. బ్యాండ్ టీచర్‌ని ఈమెయిల్‌లో అడిగితే, తప్పకుండా తెచ్చుకోండి అన్నారు.

షాపులో ఫ్లూట్ పుస్తకాలకి ఒక అర మొత్తం ఉంది. నేను అట్టలు చూడను, మొదటి పది పేజీలు తిప్పి చూస్తాను. మొదటి మూడు స్వరాలు ఏమిటి? ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పైన కామా గుర్తు పెట్టారా? నోట్స్ పెద్దగా ఉన్నాయా? స్టాండ్ మీద పెడితే తెరిచే ఉంటుందా, మూసుకుపోతుందా? పాత పుస్తకాలూ ఉన్నాయి, అవి కొన్నా పరవాలేదు. ఇప్పుడు వాయించే ఈ మీటల ఫ్లూట్‌కి మ్యూనిక్‌లో థియోబాల్డ్ బోమ్ 1847లో రూపం ఇచ్చారు. యాభై ఏళ్ల నాటి పుస్తకంలోని వేళ్ల పట్టిక కూడా ఇప్పటికీ పనికొస్తుంది. ఆన్‌లైన్ ఆడియోకి కోడ్ ఉన్నవైతే కొత్తవే కొనండి. పాతదాంట్లో ఆ కోడ్ ఎవరో వాడేసి ఉండొచ్చు.

సుజుకి పద్ధతి ఫ్లూట్ పుస్తకం చూశాను. తోషియో తకహాషి కూర్చినది. ఈ పద్ధతిలో ముందు రికార్డింగ్ బాగా వినాలి, అమ్మో నాన్నో పక్కన ఉండాలి, మన గురువు దగ్గర విని పాడినట్టే. నాకు చాలా నచ్చింది. కానీ పేజీల్లో వివరణ తక్కువ, చెప్పే టీచర్ ఉంటేనే తీసుకోవాలి. ప్రైవేట్ క్లాసు పెట్టినప్పుడు కొంటాను. టాఫనెల్, గోబేర్ అనే ఫ్రెంచ్ ఫ్లూటిస్టుల రోజువారీ అభ్యాసాల పుస్తకమూ ఉంది, అది బాగా వాయించేవాళ్లకి. పేజీ నిండా నల్లగా స్వరాలు చూసి పాప భయపడింది, వెంటనే పెట్టేశాం.

చివరికి తీసుకున్నది ట్రెవర్ వై అనే ఇంగ్లండ్ ఫ్లూటిస్ట్ ప్రారంభకుల కోసం రాసిన పుస్తకం, మొదటి భాగం. మొదటి స్వరాలు బి, ఎ, జి. ఈ మూడూ మార్చడానికి ఎడమ చేతి వేళ్లు చాలు, కుడి చెయ్యి ఊరికే పట్టుకుని ఉంటుంది. ఇద్దరు కలిసి వాయించే యుగళాలూ ఉన్నాయి. నా కోసం కూడా అనుకోండి!

ఇంత పట్టుదలగా ఎందుకు చూస్తానంటే, నాకొక అనుభవం ఉంది. విజయవాడలో ఇంటర్ చదివే రోజుల్లో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల్లో వేణువు నేర్పే పుస్తకం ఒకటి దొరికింది. ఇరవై రూపాయలు. నెల రోజులు అది చూసి సాధన చేశాను, ఏదీ శ్రుతిలో పలకదు. గురువుగారికి చూపిస్తే నెమ్మదిగా చెప్పారు: "ఇది ఆరు రంధ్రాల హిందుస్తానీ బాన్సురీ పుస్తకం తల్లీ. అందులో స కి మూడు రంధ్రాలు మూస్తారు. నీది ఎనిమిది రంధ్రాల వేణువు, మనకి స అంటే రెండే." మూడు మూస్తే నా వేణువులో ని పలుకుతుంది మరి. ఆయనే వంద పేజీల నోట్‌బుక్ తెప్పించి, మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు తన చేత్తో రాసిచ్చారు. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇదిగో, అంచులు చిరిగాయి, సిరా వెలిసింది. నాకు దీనికన్నా మంచి పుస్తకం దొరకలేదు.

ఇంటికొచ్చి భోజనాలయ్యాక మొదలుపెట్టాం. ముందు ఫ్లూట్ తల భాగం ఒక్కటే. చివర వదిలేసి ఊదితే పై స్థాయి, అరచేత్తో మూసి ఊదితే కింద స్థాయి. పది సార్లు ఊది, కళ్లు తిరగకుండా కాసేపు ఆగి, అప్పుడు మొత్తం బిగించాం. బి. ఎ. జి. ఒక్కో వేలు దించుకుంటూ రావడమే. ఫ్లూట్ కదల్లేదు! మూడోసారికి స్వరం నిండుగా వచ్చింది.

రాత్రి ఎనిమిదింటికి అమ్మకి వీడియో కాల్ చేశాం. అక్కడ ఆదివారం తెల్లవారుజామున అయిదున్నర, కాఫీ కలుపుకుంటోంది. పాప వాయిస్తుంటే అమ్మ కప్పు పక్కన పెట్టి వినింది. "ఏదీ బంగారం, మళ్లీ ఒకసారి" అని, తనూ గొంతు కలిపింది: గా... రీ... సా... "అయిదు శ్రుతిలో గరిస కదే అది!" అంది.

నిజమే. జి ని స అనుకుంటే ఎ చతుశ్రుతి రిషభం, అంటే రి; బి అంతర గాంధారం, అంటే గ. మన అయిదు శ్రుతి అంటే జి యే. నేను లేచి బీరువాలోంచి నా అయిదు శ్రుతి వేణువు తీశాను. వెదురు చల్లగా ఉంటే శ్రుతి దిగుతుంది, కాసేపు ఊది వెచ్చబరిచాను. నాకు గ కి అన్నీ తెరిచి, రి కి ఒకటి మూసి, స కి రెండు. పాపకీ అలాగే ఒక్కో వేలు దిగుతోంది. నా వేళ్లు చూసి నవ్వింది, "సేమ్ అమ్మా!" అంటూ.

మూడు స్వరాలే, పావుగంట వాయించాం. ఫోన్ పెట్టేశాక పాప పెన్సిల్ తీసుకుని కొత్త పుస్తకం మొదటి పేజీలో బి, ఎ, జి కింద గుండ్రటి అక్షరాలతో గ, రి, స అని రాసుకుంది. రి గుడి నేను దిద్దాను.