హాట్‌స్పాట్ ఆన్ అవుతుంది, నెట్ మాత్రం రాదు: బెంగళూరు శ్రోతల ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఫోన్‌లో ఉన్న డేటాను ల్యాప్‌టాప్‌కి ఇచ్చుకోవడంలో వచ్చే చిక్కుల గురించి ఈ వారం మాట్లాడుకుందాం. మొబైల్ నెట్‌వర్క్‌లలో పనిచేసిన ఇంజనీర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ మారతహళ్ళి నుంచి. చెప్పండమ్మా.

మారతహళ్ళి శ్రోత: నమస్తే సార్. మాది అనంతపురం. ఇక్కడ పీజీలో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. పీజీ వైఫై రాత్రయితే అసలు కదలదు. అందుకే ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడిపిస్తున్నాను. ఈమధ్య నంబర్ వేరే కంపెనీకి పోర్ట్ చేయించాను. అప్పటినుంచి ఫోన్‌లో నెట్ బాగుంది, ల్యాప్‌టాప్ కూడా కనెక్ట్ అవుతుంది, కానీ ఒక్క పేజీ తెరుచుకోదు. కస్టమర్ కేర్‌ని అడిగితే ఫోన్ ప్రాబ్లం అన్నారు, ఫోన్ షాపులో సిమ్ ప్రాబ్లం అన్నారు. రేపు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది సార్, చాలా టెన్షన్‌గా ఉంది.

ఇంజనీర్: ఇంటర్వ్యూ పోనివ్వం లేమ్మా. ఆ ల్యాప్‌టాప్‌కి ఇంకెవరి హాట్‌స్పాట్ అయినా పెట్టి చూశారా?

మారతహళ్ళి శ్రోత: చూశాను సార్. రూమ్మేట్ ఫోన్‌తో వస్తోంది.

ఇంజనీర్: అయితే ల్యాప్‌టాప్ మంచిదే. మీది ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో సిమ్ భాగం తెరవండి. అక్కడ యాక్సెస్ పాయింట్ నేమ్స్ అని ఉంటుంది, ఏపీఎన్ అంటారు. కంపెనీ నెట్‌కి ఫోన్ ఏ దారిన వెళ్ళాలో చెప్పే వివరాలు అవి. నంబర్ పోర్ట్ అయినప్పుడు కొన్ని ఫోన్లలో ఈ వివరాలు సరిగ్గా మారవు. ముందుగా రీసెట్ టు డిఫాల్ట్ నొక్కి, ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే ఆ ఏపీఎన్ లోపలికి వెళ్ళి ఏపీఎన్ టైప్ అనే గడి చూడండి. చాలావాటిలో డిఫాల్ట్, ఎస్-యు-పి-ఎల్ అని ఉంటుంది. దాని పక్కన కామా పెట్టి డి-యు-ఎన్ అని చిన్న అక్షరాల్లో కలిపి సేవ్ చేయండి. హాట్‌స్పాట్‌కి వెళ్ళే డేటాను కొన్ని ఫోన్లు ఆ పేరున్న దారిలోనే పంపుతాయి. ఆ దారి లేకపోతే ల్యాప్‌టాప్ కనెక్ట్ అయినట్టే కనిపిస్తుంది గానీ బయటికి ఏదీ పోదు. మీ లక్షణం సరిగ్గా అదే.

మారతహళ్ళి శ్రోత: ఆ గడి మార్చనివ్వకపోతే?

ఇంజనీర్: కొన్ని ఫోన్లలో తాళం వేసి ఉంటుంది. అప్పుడు పైన ప్లస్ గుర్తు నొక్కి కొత్త ఏపీఎన్ చేసుకోండి. పాతదాంట్లో ఉన్నవన్నీ అలాగే రాసి, టైప్ మాత్రం నేను చెప్పినట్టు పెట్టండి. ఇవాళ రాత్రే చేసి చూడండమ్మా, రేపటిదాకా ఆగొద్దు. నెట్ వచ్చాక ఇంటర్వ్యూకి వైఫై హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ కేబుల్ పెట్టుకోండి. పీజీలో గదికో రూటర్, మనిషికో హాట్‌స్పాట్ ఉంటాయి. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కిక్కిరిసిపోయి మాట తెగుతుంటుంది. కేబుల్‌కి ఆ గొడవ లేదు, ఫోన్ ఛార్జ్ కూడా అవుతుంది. ఇంకొకటి, విండోస్‌లో ఆ కనెక్షన్‌ని మీటర్డ్, అంటే లెక్కకట్టి ఇచ్చే డేటా, అని పెట్టండి. లేకపోతే ఇంటర్వ్యూ మధ్యలో అప్‌డేట్లు దిగి మీ రోజు కోటా తినేస్తాయి. కోటా అయిపోతే చాలా ప్యాక్‌లలో స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, దాంతో వీడియో కాల్ నడవదు.

మారతహళ్ళి శ్రోత: సరే సార్. అసలు ల్యాప్‌టాప్‌లో వాడుతున్నామని కంపెనీకి ఎలా తెలుస్తుంది? సిమ్ ఉన్నది ఫోన్‌లోనే కదా.

ఇంజనీర్: అందరికీ ఉండే అనుమానమే ఇది. నెట్‌లో వెళ్ళే ప్రతి డేటా ముక్క మీద టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది. ఒక్కో మజిలీ దాటినప్పుడల్లా ఆ అంకె ఒకటి తగ్గుతుంది. దారి తప్పిన ముక్కలు నెట్‌వర్క్‌లో తిరుగుతూనే ఉండకుండా పెట్టిన ఏర్పాటు అది. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ 64తో మొదలుపెడతాయి, విండోస్ 128తో. ఫోన్ నుంచి నేరుగా బయల్దేరితే 64 ఉండాలి. ల్యాప్‌టాప్ నుంచి ఫోన్ మీదుగా వచ్చిందనుకోండి, ఫోన్ కూడా ఒక మజిలీయే కాబట్టి 127 గానో 63 గానో కనిపిస్తుంది. అది చూస్తే వెనక ఇంకో పరికరం ఉందని తెలిసిపోతుంది.

వ్యాఖ్యాత: వీపీఎన్, అంటే డేటాకి తాళం వేసి ఇంకో సర్వర్ మీదుగా పంపే యాప్, పెట్టుకుంటే తెలియదని చాలామంది అంటారు కదండీ?

ఇంజనీర్: ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ పెడితే ఏ సైట్ చూస్తున్నారో దాగుతుంది. కానీ వీపీఎన్ చుట్టిన పైకవరు మీద ఆ టీటీఎల్ అంకె తగ్గడం ఆగదు. విండోస్‌లో ఆ అంకెను 65కి మార్చుకునేవాళ్ళు ఉన్నారు, ఫోన్ దాటేసరికి 64 అవుతుందని. సాంకేతికంగా అది సాధ్యమే. ఫోన్‌లోనే ప్రాక్సీ, అంటే ల్యాప్‌టాప్ తరఫున తానే డేటా తెచ్చిచ్చే మధ్యవర్తి, నడిపే పీడీఏనెట్ లాంటి యాప్‌లూ ఉన్నాయి. వాటితో డేటా ఫోన్ నుంచే పుట్టినట్టు వెళ్తుంది. కానీ ప్యాక్ షరతుల్లో హాట్‌స్పాట్ వద్దని రాసి ఉంటే, ఇవి వాడటం ఒప్పందం దాటడమే. కనెక్షన్ ఆపే హక్కు కంపెనీ ఆ కాగితంలోనే రాసుకుని ఉంటుంది. ఈ అమ్మాయికి అంత దూరం వెళ్ళే అవసరం లేదు. మన దేశంలో రోజుకి ఇన్ని జీబీలని లెక్కకట్టి అమ్మే మామూలు ప్యాక్‌లలో హాట్‌స్పాట్‌కి సాధారణంగా వేరే రుసుము లేదు. ఆమె డబ్బు పెట్టి కొన్న 2 జీబీని ఏ స్క్రీన్ మీద ఖర్చుపెట్టుకోవాలో ఆమె ఇష్టం. దీనికోసం ఆ పిల్ల ఎవరినీ బతిమాలక్కర్లేదు.

వ్యాఖ్యాత: ఆల్ ద బెస్ట్ అమ్మా. ఇప్పుడు కేఆర్ పురం నుంచి ఒక పెద్దాయన. చెప్పండి సార్.

కేఆర్ పురం శ్రోత: నమస్కారం బాబూ. మాది కడప, కొడుకు దగ్గర ఉంటున్నాను. పెద్దబ్బాయి అమెరికా నుంచి ఆండ్రాయిడ్ ఫోన్ తెచ్చిచ్చాడు. ఇక్కడి సిమ్ వేస్తే కాల్స్, నెట్ అన్నీ వస్తున్నాయి. హాట్‌స్పాట్ నొక్కితే మాత్రం ఏదో ఇంగ్లీషులో వచ్చి, మీ ప్లాన్‌లో ఇది లేదు అంటోంది. ఇక్కడి కంపెనీ వాళ్ళేమో మేమేం ఆపలేదంటున్నారు.

ఇంజనీర్: వాళ్ళు నిజమే చెప్పి ఉంటారు సార్. ఆ ఫోన్ అక్కడ ఏదైనా ఆపరేటర్ దగ్గర కొన్నదా?

కేఆర్ పురం శ్రోత: అవును బాబూ. నెలనెలా వాయిదాలు కట్టాడు, అయిపోయాయి.

ఇంజనీర్: అదే సంగతి. ఆపరేటర్ పేరుతో అమ్మే ఫోన్లలో వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. మీరు హాట్‌స్పాట్ నొక్కగానే, ఈ చందాదారుకి అనుమతి ఉందా అని ఫోనే తనిఖీ చేసుకుంటుంది. మీది ఇక్కడి సిమ్ అయినా కొన్ని ఫోన్లలో ఆ తనిఖీ పోదు. వేరే కంపెనీ సిమ్ పనిచేసేలా ఫోన్ అన్‌లాక్ అయినంత మాత్రాన ఇది కూడా పోతుందని చెప్పలేం సార్, రెండూ వేరు.

వ్యాఖ్యాత: అమెరికాలో దీనికి అంత పట్టుదల ఎందుకండీ?

ఇంజనీర్: డబ్బు. ఒకప్పుడు అక్కడ హాట్‌స్పాట్‌కి నెలకి 20 డాలర్లు అదనంగా తీసుకునేవాళ్ళు. ఆ రుసుము కట్టకుండా పనిచేసే యాప్‌లను వెరైజన్ కంపెనీ గూగుల్ ప్లేలో కనపడకుండా చేయించిందని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ విచారణ జరిపింది. 2012 జూలైలో కంపెనీ 12.5 లక్షల డాలర్లు కట్టి రాజీకి వచ్చింది. వెరైజన్ వేలంలో కొన్న 700 మెగాహెర్ట్జ్ సి బ్లాక్ అనే తరంగాల వాటాకి, వినియోగదారుల యాప్‌లను అడ్డుకోకూడదనే షరతు ముందే ఉంది. అందుకే కంపెనీ దొరికిపోయింది. వాడినంతకు లెక్కకట్టే ప్లాన్ ఉన్నవాళ్ళ నుంచి హాట్‌స్పాట్‌కి విడిగా డబ్బు అడగడం అప్పుడు ఆగింది. అన్‌లిమిటెడ్ వాళ్ళకి ఆ మినహాయింపు రాలేదు. నాకు ఆ తేడా న్యాయంగానే అనిపిస్తుంది. కొలిచి అమ్మిన సరుకు మీద రెండోసారి వసూలు చేయడమే తప్పు.

కేఆర్ పురం శ్రోత: మరి నేనేం చేయాలి బాబూ?

ఇంజనీర్: మీకు ఇక్కడి ప్యాక్‌లో అనుమతి ఉంది కాబట్టి, నేనిందాక చెప్పిన ప్రాక్సీ యాప్ వాడుకోవడంలో మీకు ఏ దోషమూ లేదు. ప్లే స్టోర్ నుంచే వేసుకోండి. ఎవరో పంపిన లింక్ నుంచి వద్దు సార్, మీ బ్యాంక్ యాప్ కూడా అదే ఫోన్‌లో ఉంటుంది. చిన్నబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

వ్యాఖ్యాత: చివరి కాల్, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి.

ఎలక్ట్రానిక్ సిటీ శ్రోత: అన్నా, నాకు టిఫిన్ సెంటర్ ఉంది. అన్‌లిమిటెడ్ 5జీ ప్యాక్ వేసి, పొద్దున్నుంచి రాత్రిదాకా హాట్‌స్పాట్ ఆన్‌లోనే ఉంచుతా. బిల్లింగ్ మెషీన్, కెమెరాలు, కస్టమర్లు, అందరూ దాంట్లోనే. ఇప్పుడు స్పీడ్ తగ్గించేశారు. నెట్‌లో దేన్నీ తేడాగా చూడకూడదనే నెట్ న్యూట్రాలిటీ ఉంది కదా, ఇది తప్పు కాదా?

ఇంజనీర్: లేదు తమ్ముడూ. ఏ సైట్ చూస్తున్నారో దాన్నిబట్టి రేటు మార్చకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరిలో నియమం పెట్టింది. హాట్‌స్పాట్ సంగతి అందులో లేదు. ఇలాంటి అన్‌లిమిటెడ్ ప్యాక్‌లు సొంత వాడకానికే, వ్యాపారానికి కాదని షరతుల్లో ఉంటుంది. అంకెలు మార్చే చిట్కాలు నీకు చెప్పను. షాపుకి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకో. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి పాస్‌వర్డ్ ఇవ్వడం ఇవాళే మానెయ్. వాళ్ళు ఏ మోసం చేసినా పోలీసులు ముందు వచ్చేది సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్ళ దగ్గరికే.

ఎలక్ట్రానిక్ సిటీ శ్రోత: సరే అన్నా. మరి ఇంట్లో నాకు రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉంది. దాంట్లో కూడా హాట్‌స్పాట్ ఆపేస్తే?

ఇంజనీర్: అప్పుడు గట్టిగా అడుగు. 198కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించు, డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్, ఎస్ఎంఎస్‌లో వస్తుంది, దాచుకో. ప్యాక్ షరతుల పేజీ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకో. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీలో అప్పీళ్ళు చూసే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు పెట్టు, రుసుము లేదు. ఒక్కొక్కరి ఫిర్యాదు ట్రాయ్ నేరుగా తీసుకోదు, కాబట్టి ముందే అక్కడికి రాసి రోజులు పోగొట్టుకోవద్దు.