ఏసీ కటాఫ్ సంగతి: థర్మోస్టాట్ సెట్టింగులపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఎండలు ముదిరేకొద్దీ హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లలో ఏసీ మెకానిక్‌లకు వచ్చే ఫోన్లలో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఒకటి, "అన్నా, మా ఏసీ కటాఫ్ అయితలేదు." రెండోది, "అన్నా, రూమ్ చల్లబడకముందే కటాఫ్ అయితాంది." కటాఫ్ అంటే గది మనం పెట్టిన డిగ్రీలకు చేరగానే కంప్రెసర్, అంటే గ్యాస్‌ను తిప్పే మోటారు, ఆగిపోవడం. ఈ రెండు మాటలకూ ముందుగా వచ్చే జవాబు గ్యాస్ అయిపోయిందని. నిజానికి గ్యాస్ దాకా పోకముందే చూడాల్సినవి చాలా ఉన్నాయి. ఏసీని ఎప్పుడు ఆపాలో చూసే థర్మోస్టాట్ ఏ గాలిని కొలుస్తోంది, దేన్ని చూసి ఆగుతోంది అన్నది తెలిస్తే ఈ రెండు ఫిర్యాదుల్లో చాలా భాగం ఇంట్లోనే తేలిపోతాయి.

రిమోట్‌లో కనిపించే అంకె చల్లదనం ఎంత గట్టిగా రావాలో చెప్పదు, ఎక్కడ ఆగాలో చెబుతుంది. బయట 43 డిగ్రీల ఎండలోంచి వచ్చి 18 నొక్కేవాళ్లు పొయ్యి మంట పెంచినట్టు అనుకుంటారు. ఇన్వర్టర్ లేని పాతరకం ఏసీలో కంప్రెసర్‌కు ఉన్నది ఒకటే వేగం. 18 పెట్టినా 26 పెట్టినా వచ్చే గాలి ఒకటే. 26 పెడితే అక్కడ ఆగుతుంది, 18 పెడితే ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీలో మాత్రం సెట్ చేసిన అంకెకూ గది వేడికీ మధ్య తేడాను బట్టి కంప్రెసర్ వేగం మారుతుంది. కానీ గది 36లో ఉన్నప్పుడు 24 పెట్టినా అది పూర్తి వేగం మీదే ఉంటుంది, 18 పెట్టినందుకు అదనంగా ఇచ్చేది ఏమీ లేదు. గది 25, 26కు దిగాక వేగం తగ్గించి కొద్ది కరెంటుతో నెట్టుకురావడమే ఇన్వర్టర్ వల్ల లాభం. 18 దగ్గర ఉంచితే ఆ దశ రానే రాదు. ఎక్కువ ధర పెట్టి ఇన్వర్టర్ కొని పాత ఏసీలాగా నడపడం అన్నమాట.

ఇప్పుడు ఆ అంకెను ఏసీ దేనితో పోల్చుకుంటుందో చూద్దాం. పాత విండో ఏసీల్లో డిగ్రీలు లేని గుండ్రటి నాబ్ ఉండేది. లోపల సన్నటి రాగి గొట్టం, దాని చివర ఒక బల్బు. బల్బులోని ఆవిరి వేడికి వ్యాకోచించి స్విచ్చిని నెట్టేది. ఇప్పటి స్ప్లిట్ ఏసీలో ఆ పని మిరియం గింజంత థర్మిస్టర్ చేస్తుంది, వేడిని బట్టి దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ముందు మూత ఎత్తి ఫిల్టర్లు తీస్తే కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల వరుస) ముందు ప్లాస్టిక్ క్లిప్‌లో, సన్నటి వైర్ల చివర కనిపిస్తుంది. అదే రూమ్ సెన్సర్. రెండోది రాగి పైపుకు అతికించిన చిన్న గొట్టంలో దూర్చి ఉంటుంది, అది కాయిల్ సెన్సర్. కాయిల్ మీద మంచు కట్టే పరిస్థితి వస్తే కంప్రెసర్‌ను ఆపడం దాని పని.

రూమ్ సెన్సర్ కొలిచేది మీ మంచం దగ్గరి గాలిని కాదు. ఏడెనిమిది అడుగుల ఎత్తున, యూనిట్ పైభాగం నుంచి లోపలికి పోయే గాలిని. అందుకే యూనిట్‌కూ స్లాబ్‌కూ మధ్య కనీసం 15 సెంటీమీటర్లు వదలమంటారు. ఫాల్స్ సీలింగ్ చేయించేటప్పుడు వడ్రంగి ఆ ఖాళీని అందం కోసం మూసేస్తాడు. ఎదురుగా అల్మారా ఉన్నా, పక్కనే మందపాటి పరదా వేలాడుతున్నా ఇదే కథ. బయటికి వచ్చిన చల్లగాలి తగిలి తిరిగి వెంటనే పైకే పోతుంది. సెన్సర్ 24 అయిపోయిందనుకుంటుంది, మంచం దగ్గర మాత్రం 29 ఉంటుంది. చల్లబడకముందే కటాఫ్ అయ్యే ఇళ్లలో గ్యాస్ నింపించే ముందు పరదా పక్కకు జరిపి అరగంట చూడండి.

దీనికి రిమోట్‌లోనే ఒక ఉపాయం ఉంది. కొన్ని మోడళ్లలో 'ఐ ఫీల్' అనీ 'ఫాలో మీ' అనీ ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే రిమోట్‌లో ఉన్న మరో సెన్సర్ కొలతను ఏసీ లెక్కలోకి తీసుకుంటుంది. రిమోట్ మీ తలాపున, ఏసీకి కనిపించేలా ఉండాలి. దిండు కింద పెడితే దానికి తెలిసేది మీ ఒంటి వేడి. టీవీ పక్కన పెడితే టీవీ వేడి. ఈ బటన్ లేని ఏసీ అయితే సీలింగ్ ఫ్యాన్ ఒకటో రెండో నంబర్ మీద తిప్పండి. పైగాలీ కిందిగాలీ కలిసిపోతాయి, సెన్సర్ కొలిచేదీ మీకు తగిలేదీ దాదాపు ఒకటవుతుంది. ఫ్యాన్‌తో కలిపి 26, 27 పెడితే మే నెలలో కూడా చాలామందికి సరిపోతుంది.

ఖర్చు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలకు 2020 జనవరి నుంచి 24 డిగ్రీలు డిఫాల్ట్‌గా ఉండాలని నిబంధన వచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని ఒక అంకె ఉంటుంది కదా, అది 1600 గంటల వాడకానికి వేసిన లెక్క. లేబుల్ మీద 800 ఉంటే గంటకు సగటున అర యూనిట్. రోజుకు 8 గంటల చొప్పున నెలకు 120 యూనిట్లు. అయితే ఆ పరీక్ష చేసేటప్పుడు గది లోపల 27 డిగ్రీలు ఉంచుతారు. మీరు 20 పెట్టుకుని లేబుల్ అబద్ధమని కంపెనీ మీద కోప్పడితే లాభం లేదు.

ఈ 120 యూనిట్లు మన దగ్గర ఎందుకు ముఖ్యమంటే, తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తించే ఇంటికి 200 యూనిట్లలోపు జీరో బిల్లు, దాటితే మొత్తం బిల్లు. పథకం వర్తించని ఇంటికీ 200 దగ్గర గోడ ఉంది. 2022-23లో వచ్చిన టారిఫ్ ప్రకారం 199 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 815 రూపాయల 20 పైసలు: మొదటి వందకు 3.40, మిగతా 99కి 4.80. అదే 201 అయితే మొదటి 200కూ 5.10 చొప్పున పడుతుంది, మిగిలిన ఒక్కటి 7.70. మొత్తం 1027 రూపాయల 70 పైసలు. రెండు యూనిట్లకు 212 రూపాయల పైచిలుకు తేడా. 24ను 26 చేస్తే ఆ 120లో సుమారు 14 యూనిట్లు తగ్గుతాయి. నెలాఖరున 190 దాటి ఊగిసలాడే ఇళ్లలో బిల్లును మార్చేది ఆ 14 యూనిట్లే.

ఇక మోడ్‌లు. ఎండకాలంలో కూల్ మోడ్ తప్ప వేరే దానితో పని లేదు. వానకాలం వేరు. జులై, ఆగస్టు, సెప్టెంబర్‌లలో బయట 30 డిగ్రీలే ఉంటుంది కానీ ఉక్కపోత. కూల్‌లో 25 పెడితే పది నిమిషాల్లో 25 అయిపోతుంది, కంప్రెసర్ ఆగుతుంది, గాలిలోని తేమ అలాగే ఉంటుంది, ఒళ్లు జిగటగా ఉంటుంది. అప్పుడు అందరూ చేసేది 20కి తగ్గించడం, తర్వాత దుప్పటి కప్పుకోవడం. అక్కడే డ్రై మోడ్ వాడాలి. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి, గాలి చల్లటి కాయిల్ మీద ఎక్కువసేపు నిలిచి, నీరు కారిపోతుంది. డ్రెయిన్ పైపులోంచి నీళ్లు బాగా పడుతుంటే అది పని చేస్తున్నట్టే. మే నెల వడగాలి రోజుల్లో డ్రై పెట్టడం దండగ, గాలిలో తీయడానికి తేమే ఉండదు. ఎయిర్ కూలర్ నడుస్తున్న గదిలో ఏసీ పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఒకటి తేమ పోస్తుంటే ఇంకొకటి తోడుతుంటుంది.

ఫ్యాన్ స్పీడ్‌ను వానకాలంలో ఆటోలో ఉంచండి. హైలో పెడితే కంప్రెసర్ ఆగినప్పుడు కాయిల్ మీది నీరు మళ్లీ ఆవిరై గదిలోకే వస్తుంది. స్లీప్ మోడ్ చాలా మోడళ్లలో గంటకు అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా పెంచుతూ పోయి, రెండు డిగ్రీల దగ్గర ఆగుతుంది. నిద్రలో ఒంటికి అంత చల్లదనం అక్కర్లేదు కాబట్టి ఇది మంచి సెట్టింగే. అయితే 25తో మొదలుపెట్టండి, 27తో మొదలుపెడితే తెల్లవారుజామున లేచి రిమోట్ వెతుక్కుంటారు. ఆఫ్ టైమర్ మార్చిలో, జులైలో బాగుంటుంది. మే నెలలో పై అంతస్తువాళ్లకు కలిసిరాదు. పగలంతా ఎండకు కాగిన స్లాబ్ రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుంది, మూడింటికి ఏసీ ఆగితే నాలుగింటికి మెలకువ వస్తుంది. టర్బో కొద్దిసేపు సెట్టింగును పక్కనపెట్టి పూర్తి జోరుతో నడిపేదే. చుట్టాలొచ్చినప్పుడు వాడండి.

సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి అంటారు కానీ, వరంగల్‌లో హీటర్‌గా ఏసీ కొనాల్సినంత చలి ఉండదని నా అభిప్రాయం. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 లోపుకు పోతుంది, అక్కడ హాట్ అండ్ కోల్డ్ ఏసీకి అర్థం ఉంది. కొన్ని కంపెనీలు రెండు రకాలకూ ఒకటే రిమోట్ ఇస్తాయి. అందులో సూర్యుడి బొమ్మ ఉన్నంత మాత్రాన మీ ఏసీ వేడి ఇస్తుందని కాదు. అవుట్‌డోర్‌లో గ్యాస్ దారిని తిప్పే ఫోర్‌వే వాల్వ్ ఉండాలి. హీట్‌లో 20 నుంచి 22 చాలు. వేడిగాలి పైకే పోతుంది, సెన్సర్ కూడా పైనే ఉంటుంది కాబట్టి కాళ్లు చల్లగా ఉండగానే అది ఆగిపోతుంది. గాలి దిశను మార్చే రేకు, అంటే లూవర్‌ను పూర్తిగా కిందికి దించి, అవసరమైతే రెండు డిగ్రీలు పెంచండి. ఆన్ చేసిన వెంటనే లోపలి ఫ్యాన్ తిరగకపోతే కంగారుపడొద్దు, కాయిల్ వేడెక్కేదాకా ఆగుతుంది. బాగా చలి ఉన్నప్పుడు అవుట్‌డోర్ కాయిల్ మీద మంచు కట్టి, దాన్ని కరిగించడానికి ఐదు పది నిమిషాలు వేడి ఆగడమూ మామూలే.

కరెంటు పోయి వచ్చాక చల్లగాలి రావట్లేదని రిమోట్ మీద పదిసార్లు నొక్కేవాళ్లకు ఒక మాట. కంప్రెసర్ ఆగాక రెండు వైపులా గ్యాస్ పీడనం సమం కావడానికి సుమారు 3 నిమిషాలు పడుతుంది. అంతకు ముందే మొదలైతే భారం మీద తిరగలేక విపరీతంగా కరెంటు లాగి ఓవర్‌లోడ్ ట్రిప్ అవుతుంది. అందుకే ఏసీ తనంతట తానే ఆ 3 నిమిషాలు ఆగుతుంది. స్టెబిలైజర్‌లో కూడా డిలే పెట్టి ఉంటే రెండూ కలిసి ఆరు నిమిషాలు. వాచీ చూసుకుని ఆగండి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి కాబట్టి అక్కడి ఇళ్లలో గోడకు బిగించే థర్మోస్టాట్ గురించి రెండు మాటలు. అక్కడ అంకె ఫారెన్‌హీట్‌లో ఉంటుంది. 72 అంటే మన 22, 75 అంటే 24. మీరు బాణం గుర్తు నొక్కి మారిస్తే చాలా మోడళ్లలో ఆ మార్పు తర్వాతి షెడ్యూల్ దాకానే నిలుస్తుంది, అలాగే ఉండాలంటే హోల్డ్ నొక్కాలి. 'ఎమర్జెన్సీ హీట్' మాత్రం ముట్టుకోవద్దు. హీట్ పంప్, అంటే ఏసీలాగే గ్యాస్‌తో వేడి ఇచ్చే యంత్రం, ఆగి కరెంటు కాయిల్స్ మీద నడుస్తుంది, బిల్లు రెండు మూడింతలవుతుంది. ఆ వైఫై థర్మోస్టాట్‌ను సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడికి తేవద్దు కూడా. అది 24 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటుతో, వై వైరు కలిపితే కూలింగ్, డబ్ల్యూ కలిపితే హీటింగ్ అన్న లెక్కన పనిచేస్తుంది. మన స్ప్లిట్ ఏసీలో లోపలి బోర్డూ బయటి బోర్డూ తమ సొంత సంకేతాలతో మాట్లాడుకుంటాయి, ఆ వైర్లు కలపడానికి చోటే లేదు. ఫోన్‌తో నడపాలంటే రిమోట్ సంకేతాన్ని పంపే ఐఆర్ బ్లాస్టర్ దొరుకుతుంది. అయితే అది పంపడమే కానీ ఏసీ అందుకున్నదో లేదో దానికి తెలియదు, మీ రిమోట్ తెరకు తెలియనట్టే. తెర మీద 24 కనిపిస్తే రిమోట్ 24 అని పంపిందని మాత్రమే అర్థం.

చివరగా, కటాఫ్ కాని ఏసీని ఎలా చూడాలి. ముందు ఫిల్టర్. మామూలు ఇంట్లో రెండు వారాలకోసారి కడిగితే చాలు. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి నూగు, గోదావరిఖని, భూపాలపల్లిలో బొగ్గు దుమ్ము, కరీంనగర్‌లో గ్రానైట్ పనులు జరిగేచోట రాతిపొడి ఉంటుంది, అక్కడ వారానికోసారి. తర్వాత అవుట్‌డోర్ వెనుక రేకులు. ఏసీ ఆపి, మెయిన్ తీసి, పైపు నీళ్లతో నెమ్మదిగా కడగండి, రేకులు వంగనివ్వొద్దు. ఆ తర్వాత కూల్‌లో 18, హై ఫ్యాన్ పెట్టి 15 నిమిషాలు నడిపి, పైన లోపలికి పోయే గాలినీ కింద బయటికి వచ్చే గాలినీ థర్మామీటర్‌తో కొలవండి. ఎండకాలంలో తేడా 8 నుంచి 12 డిగ్రీలుంటే యంత్రం బాగానే ఉంది, మీ గది వేడికి టన్నేజీ చాలట్లేదు, లేదా దర్వాజ సందులోంచి గాలి పోతోంది. 6 కంటే తక్కువుంటే అప్పుడు గ్యాస్ అనుమానించండి. అప్పుడూ లీక్ ఎక్కడో పట్టకుండా గ్యాస్ నింపితే వచ్చే ఎండకాలం మళ్లీ అదే పాట.

తేడా సరిగ్గా ఉండి, గది చలితో వణుకుతున్నా కటాఫ్ కావట్లేదంటే రూమ్ సెన్సర్‌ను అనుమానించాలి. మెయిన్ తీశాక దాని ప్లగ్గును బోర్డు నుంచి ఊడదీసి మల్టీమీటర్‌తో కొలవాలి. చాలా మోడళ్లలో 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓంలు, 35 దగ్గర సుమారు ఆరున్నర. 5, 15, 20 కిలో ఓంల రకాలూ ఉన్నాయి కాబట్టి మోడల్ చూసుకోవాలి. నలగ్గొట్టిన ఐసులో కొన్ని నీళ్లు పోసి, గింజను ముంచి రెండు నిమిషాలు ఆగితే, అది సున్నా డిగ్రీలు కాబట్టి 10 కిలో ఓంల రకం 28 నుంచి 33 మధ్య చూపాలి. ఓంలు తగ్గిపోతే ఏసీ గది వేడిగా ఉందనుకుని ఆగదు. పెరిగిపోతే చల్లగా ఉందనుకుని ముందే ఆగుతుంది. ప్లగ్గు పిన్నులకు చిలుం పట్టినా ఓంలు పెరిగినట్టే చూపిస్తుంది, శుభ్రం చేసి మళ్లీ కొలవండి. సెన్సర్ పోయిందని తేలితే అదే విలువ గల సెన్సర్ వేయించండి, బోర్డు మార్చాల్సిన అవసరం లేదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఇండోర్ యూనిట్ పక్కన అంటించిన స్టిక్కర్ ఫొటో ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే వాళ్లవి ముందు తీసుకుందాం.