ఫార్ములా 4లో కార్లన్నీ ఒకటే అయితే డ్రైవర్ల మధ్య ల్యాప్‌కి ఆ అర సెకను తేడా ఎక్కడ వస్తోంది?

నమస్తే. ఫార్ములా 1 దారిలో పిల్లలు ఎక్కే మొదటి మెట్టు కార్ల రేసు ఫార్ములా 4. దాని మాట ఎత్తగానే ఎవరో ఒకరు అనే మాట ఇది: "అందరిదీ ఒకే కారు, ఇంజన్‌కి సీలు, ఇక ధైర్యంగా తొక్కడమే కదా!" ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అక్కడ పదిహేనేళ్ల పిల్లలు నేర్చుకునే అసలు విద్య ఈ ఒక్క మాటతో కొట్టుకుపోతుంది.

కార్లు ఒకటే, నిజమే. ఇటలీ సిరీస్‌లో అందరికీ టాటూస్ టి-421, అబార్త్ టర్బో ఇంజన్. మన ఇండియన్ ఛాంపియన్‌షిప్‌లో మిగాల్ కారు, ఆల్పీన్ ఇంజన్. తేడా అంతా టైర్ల దగ్గర వస్తుంది. ఫార్ములా 1లోలాగా ఇక్కడ టైర్లకు వార్మర్ దుప్పట్లు కప్పరు. చల్లటి స్లిక్ టైర్లతో, అంటే గాళ్లు లేని నున్నటి టైర్లతో, పిట్ దాటాలి, వేడి డ్రైవరే పుట్టించాలి.

దోసె పెనం గుర్తు తెచ్చుకోండి. కాలకముందే పిండి పోస్తే అంటుకుంటుంది. మరీ కాలితే పిండి పరుచుకోకుండా గరిటెతో పాటే లేచొస్తుంది. టైరూ అంతే, మధ్యలో ఉన్న ఆ కొద్దిపాటి వేడిలోనే పట్టు ఇస్తుంది.

[తెరపై: టైరు అడ్డకోత]

రేసు మొదలయ్యే ముందు నెమ్మదిగా తిరిగే ఫార్మేషన్ ల్యాప్‌లో కారును అటూ ఇటూ ఊపడం చూశారుగా. దాంతో పై పొర మాత్రమే వేడెక్కుతుంది. మంట పెద్దది చేసి పెనం మధ్య ఒక్కటే కాల్చినట్టు! లోపలి దాకా వేడి చేరాలంటే గట్టిగా బ్రేక్ వేయాలి. డిస్కు వేడి రిమ్‌కి, రిమ్ నుంచి లోపలి గాలికి వెళ్తుంది. వెనక టైర్లు ఇంజన్ లాగుడుకే కొంత వేడెక్కుతాయి, ముందువి అలా వేడెక్కవు. వాటిని పట్టించుకోకపోతే మొదటి మలుపులోనే కారు ముక్కు తిరగదు. పిల్లవాడు కంగారుపడి స్టీరింగ్ ఇంకా తిప్పుతాడు, టైరు జారుతుంది, రబ్బరు ఉండలు కట్టి లేస్తుంది. ఆ ల్యాప్ పోయినట్టే.

ఇప్పుడు గాలి లెక్క. చల్లటి టైర్లో 18 పీఎస్‌ఐ ఉందనుకోండి. లోపలి గాలి పది డిగ్రీలు వేడెక్కితే సుమారు 1 పీఎస్‌ఐ పెరుగుతుంది. యాభై డిగ్రీలెక్కితే 23. అందుకే గాలి పట్టేటప్పుడు మెకానిక్ చూసేది వేడెక్కాక వచ్చే అంకెను. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ఉదయం పట్టిన గాలిని మధ్యాహ్నం రేసుకి అలాగే వదిలేస్తే, కారు కదలకముందే పీఎస్‌ఐ పెరిగిపోయి ఉంటుంది. ఎండ పడే వైపు టైర్లలో ఇంకాస్త ఎక్కువ. కారు లోపలికి రాగానే టైరు మీద మూడు చోట్ల వేడి కొలుస్తారు. నడుమ ఎక్కువ వేడి ఉంటే గాలి ఎక్కువైంది. లోపలి అంచు మరీ ఎక్కువ వేడి ఉంటే క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వంగిన కోణం, ఎక్కువైంది.

ఇక బ్రేకు. ఫార్ములా 4కి ముందు పిల్లలు నడిపే చిన్న రేసు బండ్లు, అంటే జూనియర్ కార్ట్‌లు, చాలావాటికి వెనక ఇరుసుకే బ్రేకు. అక్కడ అలవాటైన కాలు ఇక్కడికొచ్చి ఇబ్బంది పడుతుంది. ఫార్ములా 4లో నాలుగు చక్రాలకీ బ్రేకే, ఏబీఎస్ లేదు, పెడల్‌కి పవర్ సాయం లేదు. వేగం ఎక్కువున్నప్పుడు వింగులు కారును నేలకి అదుముతాయి కాబట్టి మొదటి తొక్కుడు బలంగా ఉండాలి. వేగం తగ్గేకొద్దీ ఆ అదుము పోతుంది, కాలు కూడా మెల్లగా వదులవ్వాలి. వదలకపోతే మలుపు లోపలి వైపు ముందు చక్రం బిగుసుకుపోతుంది, ఒకచోట అరిగి చదునవుతుంది. తర్వాత బ్రేక్ వేసిన ప్రతిసారీ అదే చోట మళ్లీ బిగుసుకోవాలని చూస్తుంది. వారాంతానికి టైర్ల సెట్లు లెక్కపెట్టి ఇస్తారు, ఆ నష్టం తర్వాతి రేసు దాకా వెంటాడుతుంది. కారు రికార్డు చేసిన డేటాలో ఇంజనీరు మొదట వెతికేది బ్రేకు ఎంత బలంగా తొక్కాడో చూపే గీతనే: నిలువుగా లేవాలి, ఏటవాలుగా దిగాలి. పిల్లవాడి భవిష్యత్తు పోల్ పొజిషన్ల (అందరికంటే ముందు నుంచి స్టార్ట్ అయ్యే స్థానాల) కంటే ఆ గీతలోనే బాగా కనిపిస్తుందని నా నమ్మకం.

సమయం అయిపోతోంది, ఇక్కడి నుంచి ఫార్ములా 1కి చేరాలంటే కావాల్సిన పాయింట్ల లెక్క గబగబా చెప్పేస్తాను. ఫార్ములా 1లో నడపడానికి ఉండాల్సిన సూపర్ లైసెన్స్‌కి మూడు సీజన్లలో 40 పాయింట్లు కావాలి. ఫార్ములా 4 ఛాంపియన్‌కి వచ్చేది 12. మూడేళ్లు వరసగా గెలిచినా 36, సరిపోదు! ఫార్ములా 3 టైటిల్‌కి 30. ఫార్ములా 2లో మొదటి ముగ్గురికీ తలా 40. 2015లో బ్రిటిష్ ఫార్ములా 4 గెలిచిన లాండో నోరిస్, 2022లో ఇటలీ, జర్మనీ టైటిళ్లు రెండూ పట్టిన కిమీ ఆంటొనెల్లి ఫార్ములా 2లో కూడా నడిపాకే ఫార్ములా 1కి వెళ్లారు.

ఈసారి రేసులో స్టార్టింగ్ స్థానాలు తేల్చే క్వాలిఫయింగ్ చూసేటప్పుడు ప్రతి డ్రైవర్‌కీ బెస్ట్ టైమ్ ఎన్నో ల్యాప్‌లో వచ్చిందో రాసుకోండి. పెనం ఎవరికి సరిగ్గా కాలిందో ఆ అంకెలోనే తెలుస్తుంది.