ముఖం చూసి వేస్తున్నామా ఓటు?

నమస్తే. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఓటు ఎవరికో మన మనసు ఎప్పుడు తేల్చుకుంటుంది? ఈ రోజు మాట దాని గురించే.

అమెరికాలో అలెగ్జాండర్ తొదొరోవ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2005లో ఒక ప్రయోగం ప్రచురించింది. సెనేట్ ఎన్నికల్లో గెలిచినవాళ్లవి, ఓడినవాళ్లవి ఫొటోలు జంటగా పెట్టి, 'వీళ్లలో సమర్థులెవరు?' అని అడిగారు. పేరు, పార్టీ ఏదీ చెప్పలేదు. ఎక్కువ మంది ఎవరిని చూపించారో, సుమారు 70 శాతం పోటీల్లో వాళ్లే గెలిచారు. ఫొటోను ఒక్క సెకను చూపించినా జనం అంచనా గట్టిగానే పనిచేసింది. మనం ఆలోచించడం మొదలుపెట్టేలోపే కన్ను ఓటు వేసేస్తోందన్నమాట!

మన ఈవీఎంల మీదికి అభ్యర్థి ఫొటో 2015లో వచ్చింది. ఒకే పేరున్నవాళ్ల మధ్య తికమక ఉండొద్దని పెట్టారు. అయినా మన దగ్గర ముఖం కంటే గుర్తే పెద్దదని నా నమ్మకం. 2019లో నిజామాబాద్ పార్లమెంటు స్థానంలో 185 మంది పోటీ చేశారు, ఎక్కువ మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు, అంటే ఓటు బటన్లుండే పెట్టెలు, పెట్టాల్సి వచ్చింది. అన్ని ముఖాలు ఎవరు చూస్తారు? తెలిసిన గుర్తు ఎక్కడుందా అనే వెతుకుతాం.

ఇంకోటి ఉంది, ఏ ఫొటోలోనూ దొరకనిది. పరకాల దగ్గర మా ఊళ్లో పెద్దమ్మను అడిగాను, ఫలానా అభ్యర్థికే ఓటు ఎందుకు వేస్తావని.

"మీ పెద్దబాపు చచ్చిపోయినప్పుడు వచ్చిండు బిడ్డా. అరుగు మీద గంటసేపు కూసున్నడు."

"మరి మన చెరువు కట్ట సంగతి?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చేస్తడు తీ" అంది.

పెద్దమ్మను నేను తప్పు పట్టను. దుఃఖంలో గడప తొక్కిన మనిషి రేపు కష్టమొస్తే పలుకుతాడని ఆమె లెక్క. అందులో నిజముంది. కానీ ఆ 'చేస్తడు తీ' దగ్గరే నాకు టెన్షన్. మనసు ముందే ఒప్పుకుంది, కారణం తర్వాత వెతుక్కుంటోంది.

నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు రాసి అఫిడవిట్ ఇవ్వాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఫోన్‌లో తెరిచి పెద్దమ్మకు ఆయనది చదివి వినిపించాను. కేసుల దగ్గర ఆపి మళ్లీ చదవమంది. అయిపోయాక నా చెయ్యి పట్టుకుని, "ఇంకొకాయనది సుత సదువు" అంది.